అడుగేస్తూ... అడుగు!

*ఆదివారం వస్తే చాలు, నగరంలో ఏదో ఒక రన్‌. క్యాన్సర్‌ కోసం, చదువు కోసం, చెరువుల కోసం... పేరు ఏదైనా టీషర్టు, పతకం, సెల్ఫీ మామూలే. ఇంతమంది ఇంత చెమటోడిస్తే ఆ మంచిపనికి చేరుతున్నదెంత? సరదాగా పరుగెత్తే మామూలు మనుషులు నిజంగా నిధులు సేకరించాలంటే ఏం చేయాలి?*

ఆగస్టు నెలాఖరు ఆదివారం. ఇంకా తెల్లారలేదు. హుస్సేన్‌సాగర్‌ ఒడ్డున ఉన్నా గాలి ఆడటం లేదు, ఉక్కపోతకి నిలబడ్డవాళ్లకే చెమటలు పడుతున్నాయి. నెక్లెస్‌ రోడ్డులోని పీపుల్స్‌ ప్లాజా నిండా జనం. ఒకాయన చంకల్లోనూ తొడల మధ్యా వ్యాజలైన్‌ దట్టంగా పట్టిస్తున్నాడు, సిగ్గేమీ లేదు. ఒకమ్మాయి రెండు పిన్నీసులు పళ్ల మధ్య పట్టుకుని మూడోదానితో బిబ్‌ తగిలించుకుంటోంది. నంబరు వంకరగా వచ్చిందని పక్కనున్న ముక్కూమొహం తెలియని పెద్దావిడ విప్పి మళ్లీ సరిచేసి పెట్టింది. మొబైల్‌ టాయిలెట్ల ముందు వరస రోడ్డు దాకా సాగింది. అరటిపండు తొక్కలు, జండూబామ్‌ వాసన, మైకులో జుంబా పాట. హాఫ్‌ మారథాన్‌ మొదలవడానికి ఇంకాస్త సమయం ఉంది.

ఆ గుంపులో నలభై దాటిన ఒకాయన వీపు మీద కంప్యూటర్‌లో ప్రింటు తీసిన కాగితం: ‘మా ఊరి బడిలో ఆడపిల్లల మరుగుదొడ్ల కోసం పరుగెడుతున్నాను. పడిపోతే ముందు లేపండి. తర్వాత వంద రూపాయలు పంపండి.’ కింద క్యూఆర్‌ కోడ్‌. వెనకున్న కుర్రాళ్లు నవ్వుతూ ఫోన్లు తీశారు. ‘ఇప్పుడే చేసేయండి బాబూ, పరుగెడుతూ స్కాన్‌ చేయలేరు’ అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే. ఇద్దరు చేశారు. ఒకరు ఫొటో తీసుకున్నారు.

నిండా వేల మంది ఉన్న ఆ చోట నాకు కనిపించినంతలో డబ్బు అడుగుతున్నది ఆయనొక్కడే. మిగతా అందరి టీషర్టుల మీదా మంచి మాటలున్నాయి.

ఇప్పుడు సీజన్‌. ఆగస్టులో హైదరాబాద్‌తో మొదలై, చలికాలంలో విశాఖ సాగరతీరాన నేవీ మారథాన్‌, జనవరిలో ముంబయి దాకా వరసగా పరుగులే. అపార్ట్‌మెంట్‌ వాట్సాప్‌ గ్రూపుల్లో ‘ఈసారి టెన్‌కే కొడదామా’ అనే కబుర్లు. ఈ ఉత్సాహాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. పొట్టలు తగ్గుతున్నాయి, పొద్దున్నే లేస్తున్నారు. కానీ ‘చారిటీ రన్‌’ అన్న పేరు పెట్టుకున్నాక లెక్క వేరే ఉంటుంది.

ఒక్కకాలితో అయిదు వేల కిలోమీటర్లు

పరుగెత్తి నిధులు పోగుచేయడం అనగానే ముందు చెప్పుకోవాల్సింది టెర్రీ ఫాక్స్‌ గురించి. కెనడా కుర్రాడు. ఎముక క్యాన్సర్‌తో 1977లో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆస్పత్రిలో తనకన్నా చిన్నపిల్లలు అదే జబ్బుతో బాధపడటం చూసి, పరిశోధనకు డబ్బు కావాలంటే దేశం మొత్తం అడ్డంగా పరుగెత్తి అడగాలనుకున్నాడు. 1980 ఏప్రిల్‌ 12న సెయింట్‌ జాన్స్‌ దగ్గర అట్లాంటిక్‌ సముద్రంలో కృత్రిమ కాలు ముంచి బయల్దేరాడు. రోజుకు దాదాపు ఒక మారథాన్‌ దూరం. మంచికాలితో రెండు గెంతులు, కృత్రిమ కాలితో ఒక అడుగు.

తొలి రోజుల్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. మంచు, వాన, పక్క నుంచి దూసుకుపోయే లారీలు. అప్పుడొక చిన్న ఊరొచ్చింది, పోర్ట్‌ ఓ బాస్క్‌. జనాభా 10 వేలు. ఆ ఊరివాళ్లు పోగుచేసి ఇచ్చింది 10 వేల డాలర్లు. అంటే తలకొక డాలరు. టెర్రీకి అక్కడే లెక్క దొరికింది. దేశంలో అందరూ ఈ ఊరివాళ్లలా ఒక్కొక్క డాలరే ఇస్తే? అప్పటి కెనడా జనాభా 2 కోట్ల 40 లక్షలు.

సెప్టెంబరు 1న థండర్‌ బే దగ్గర ఊపిరాడక ఆగిపోయాడు. క్యాన్సర్‌ ఊపిరితిత్తులకు పాకింది. అప్పటికి 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. 1981 ఫిబ్రవరికల్లా నిధి 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది. జూన్‌ 28న, ఇరవైమూడో పుట్టినరోజుకు నెల ముందు, అతను చనిపోయాడు.

టెర్రీ కథలో జనం కన్నీళ్లు పెట్టుకునేది కాలి దగ్గర. నా దృష్టి మాత్రం ఆ లెక్క దగ్గర ఆగుతుంది. ‘మంచి మనసుతో సాయం చేయండి’ అనలేదు. ఎవరు ఎంత ఇవ్వాలో చెప్పాడు, అది ఎవరైనా ఇవ్వగలిగినంతే అడిగాడు, ఎందుకో చెప్పాడు. నిధుల సేకరణ గురించి పెద్ద పుస్తకాలు చదవక్కర్లేదు, ఈ మూడూ చాలు. అతని పేరుతో ఇప్పటికీ దేశదేశాల్లో జరిగే పరుగుకి ప్రవేశ రుసుము లేదు, విజేతలు లేరు, కంపెనీల ప్రకటనలకు చోటు లేదు. ఇవ్వాలనుకున్నది ఇవ్వడం, వీలైనంత దూరం పరుగెత్తడమో నడవడమో చేయడం, అంతే.

లండన్‌ నేర్పిన కిటుకు

సరిగ్గా అదే సమయంలో బ్రిటన్‌లో ఇంకో దారి తెరుచుకుంది. న్యూయార్క్‌ మారథాన్‌లో పరుగెత్తి వచ్చిన ఒలింపిక్‌ విజేత క్రిస్‌ బ్రాషర్‌, మిత్రుడు జాన్‌ డిస్లీతో కలిసి 1981లో లండన్‌ మారథాన్‌ మొదలుపెట్టాడు. ఈ నాలుగు దశాబ్దాల్లో అందులో పాల్గొన్నవాళ్లు రకరకాల సేవాసంస్థలకు తెచ్చిపెట్టిన మొత్తం 100 కోట్ల పౌండ్లు దాటింది. 2024లో ఒక్క రోజు పరుగుతో వచ్చింది 7 కోట్ల పౌండ్లకు పైనే.

ఇంత డబ్బు ఎలా? కిటుకు చిన్నదే. పరుగెత్తాలనుకునేవాళ్లు లక్షల్లో, చోటు వేలల్లో. మామూలు దరఖాస్తుదారులకు లాటరీ. సేవాసంస్థలకు మాత్రం కొన్ని స్థానాలు ముందే కేటాయిస్తారు. వాటికి సంస్థలు కొంత కట్టి తీసుకుంటాయి. లాటరీ తగలనివాళ్లు ఏదో ఒక సంస్థ తలుపు తడతారు. ‘చోటు ఇస్తాం, ఇన్ని పౌండ్లు తెస్తానని రాసివ్వు’ అంటుంది సంస్థ. రాసిచ్చాక ఇక ఆ మనిషి ఆర్నెల్లపాటు బంధువుల్ని, ఆఫీసువాళ్లని, పబ్బులో మిత్రుల్ని వదలడు.

అమెరికాలో ఇంకో రకం. 1988లో బ్రూస్‌ క్లీలాండ్‌ అనే తండ్రి, రక్తక్యాన్సర్‌ నుంచి కోలుకుంటున్న కూతురి కోసం 38 మందిని పోగుచేసి న్యూయార్క్‌ మారథాన్‌లో పరుగెత్తించి 3 లక్షల డాలర్లకు పైగా వసూలు చేశాడు. ‘నువ్వు విరాళాలు తే, నీకు మారథాన్‌ నేర్పిస్తాం’ అన్నది ఆ పథకం. జన్మలో కిలోమీటరు పరుగెత్తనివాళ్లు కూడా చేరారు. మనవాళ్లకు దగ్గర బంధువు ‘టీమ్‌ ఆశా’. భారత్‌లో పేదపిల్లల చదువు కోసం 1991లో బర్క్‌లీలో మొదలైన ‘ఆశా ఫర్‌ ఎడ్యుకేషన్‌’ సంస్థ నడిపే పరుగు శిక్షణ అది. కాలిఫోర్నియాలోనూ సియాటిల్‌లోనూ సాఫ్ట్‌వేర్‌ కొలువుల్లో ఉన్న మన కుర్రాళ్లు వారాంతాల్లో దాని దగ్గర పరుగు నేర్చుకుంటూనే నిధులు సేకరిస్తుంటారు.

> పసికందుల కోసం పండుటాకు
>
> పంజాబ్‌లోని బియాస్‌పిండ్‌కు చెందిన ఫౌజా సింగ్‌ భార్య, కూతురు, కొడుకు పోయిన దుఃఖంలో లండన్‌ వెళ్లి, 89 ఏళ్ల వయసులో 2000 సంవత్సరంలో తొలిసారి మారథాన్‌ పరుగెత్తారు. పరుగెత్తింది నెలలు నిండకుండా పుట్టిన పసికందుల కోసం పనిచేసే ‘బ్లిస్‌’ అనే సంస్థకు. ఆ బిడ్డలూ ఆయనంత కాలం బతకాలన్నది అందులోని ఆశీర్వాదం. 2011లో టొరంటోలో నూరేళ్ల వయసులో మారథాన్‌ పూర్తిచేశారు. పుట్టినతేదీ ధ్రువపత్రం లేదని గిన్నిస్‌వాళ్లు రికార్డు ఇవ్వలేదు. ఆ రోజుల్లో పంజాబ్‌ పల్లెలో అలాంటి కాగితం ఎవరికుంది! 2025 జులైలో సొంతూరి దగ్గర రోడ్డు దాటుతుండగా కారు ఢీకొని కన్నుమూశారు. కుటుంబం చెప్పిన లెక్కలో ఆయన వయసు 114.

రుసుము కట్టాం కదా!

మన దేశంలో ఈ పద్ధతి పెద్ద ఎత్తున మొదలైంది 2004లో, ముంబయి మారథాన్‌తో. సీఎస్‌ఎంటీ స్టేషన్‌ ముందు బారులు తీరే ఆ జనంలో గెలవడానికి వచ్చేవాళ్లు కొందరే. ‘డ్రీమ్‌ రన్‌’ పేరిట బ్యానర్లు, వేషాలు, చంకలో పిల్లలతో ఆరు కిలోమీటర్లు నడిచేవాళ్లే ఎక్కువ. సంస్థలు పేరు నమోదు చేసుకుంటాయి, వాటి కోసం కంపెనీల జట్లూ వ్యక్తులూ నిధులు సేకరిస్తారు, వచ్చినదాని లెక్క పేర్లతో సహా బయటపెడతారు. ఏటా పదుల కోట్లు జమవుతాయి. అదే బాటలో ఢిల్లీ, బెంగళూరు.

తెలుగు నగరాలకు పరుగు వచ్చింది, నిధులు సేకరించే ఆ రెండో సగం మాత్రం సరిగా రాలేదు. ఇది నా ఫిర్యాదు. హైదరాబాద్‌ రన్నర్స్‌ బృందంవాళ్లు 2007లో నలుగురూ కలిసి పరుగెత్తడం అలవాటు చేశారు. ఇవాళ కేబీఆర్‌ పార్కు చుట్టూ, గచ్చిబౌలి రోడ్ల మీద, విశాఖ ఆర్కే బీచ్‌లో తెల్లారేసరికి కనిపించే గుంపులు అలాంటి పునాదుల మీద పెరిగినవే. గ్రేస్‌ క్యాన్సర్‌ ఫౌండేషన్‌ వంటి సంస్థలు సొంతంగా పరుగులు నడుపుతున్నాయి. అయితే చాలా కాలనీ రన్‌ల సంగతి వేరు. పోస్టర్‌ మీద పెద్ద అక్షరాల్లో ‘అవగాహన కోసం’ అని ఉంటుంది. చివరలో పోయినేడాది ఎంత వచ్చింది, ఎవరికిచ్చారు అన్న వాక్యం ఉండదు.

నిర్వాహకుల వైపు నుంచీ చూద్దాం. రుసుములో టీషర్టు పోతుంది, పతకం పోతుంది, బిబ్‌ వెనక అతికించే టైమింగ్‌ చిప్పు అద్దె పోతుంది. నీళ్లు, అంబులెన్సులు, బారికేడ్లు, మొబైల్‌ టాయిలెట్లు, స్టేజీ, మైకు, టిఫిను. స్పాన్సర్‌ గట్టివాడు కాకపోతే నిర్వాహకుడికే చేతి చమురు వదులుతుంది. కాబట్టి రుసుము కట్టినవాళ్లు కొన్నది ఒక ఉదయం. అది తప్పు కాదు, బాగుంటుంది కూడా. కానీ పతకం మెడలో వేసుకుని ‘క్యాన్సర్‌ రోగుల కోసం పరుగెత్తాను’ అని ఫేస్‌బుక్‌లో రాసుకోవడానికి ఆ రసీదు చాలదు.

పేరు నమోదు చేసుకునేముందు నిర్వాహకుల్ని సూటిగా అడగొచ్చు. నా రుసుములో సంస్థకు వెళ్లేదెంత, ఖర్చులు పోగా మిగిలినదా, లేక మొదటి రూపాయి నుంచీ ఇంతశాతం అని ఉందా? నేరుగా సంస్థ ఖాతాలో వేయొచ్చా? పోయినసారి లెక్క ఎక్కడుంది? జవాబు రాకపోతే సరదా పరుగు అనుకుని వెళ్లండి, దానం అనుకోకండి.

> పన్ను, పాస్‌పోర్టు సంగతులు
>
> ప్రవేశ రుసుముకు పన్ను మినహాయింపు రాదు. అందరూ ‘80జి’ అని పిలిచే మినహాయింపు విరాళానికే. అదీ సంస్థకు ఆ గుర్తింపు ఉంటేనే, ఇచ్చేవారు పాత పన్ను విధానంలో ఉంటేనే. నగదు రూపంలో 2,000 రూపాయలకు మించి ఇస్తే లెక్కలోకి రాదు, యూపీఐ మేలు. సంస్థ నుంచి విరాళ ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి.
>
> అమెరికాలో ఉన్న అన్నయ్యను అడిగేముందు పాస్‌పోర్టు ఏదో కనుక్కోండి. భారత పౌరుడిగానే ఉంటే తన ఎన్నారై ఖాతా నుంచి పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి, అదీ ఢిల్లీలోని స్టేట్‌బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేకంగా తెరిచిన ఖాతాలోకే. చిన్న ఊరి ట్రస్టుకు ఆ అనుమతి లేకుండా బావగారి డాలర్లు వేయించి, తర్వాత చిక్కుల్లో పడేసేవాళ్లున్నారు.

నోరు పెగలదు

ఇరవయ్యొక్క కిలోమీటర్లు పరుగెత్తినవాళ్లను ఎవరినైనా అడగండి, ఏది కష్టమని. పదహారో కిలోమీటరు అంటారు. నిధులు కూడా సేకరించినవాళ్లను అడగండి. ‘మా పిన్నత్తగారికి ఫోన్‌ చేయడం’ అంటారు.

మన మధ్యతరగతి ఇళ్లలో డబ్బు ఇవ్వడం గొప్ప, అడగడం నామోషీ. పెళ్లికి అప్పు చేస్తాం కానీ నోరు తెరిచి చేబదులు అడగం. చందాపుస్తకం పట్టుకుని వచ్చే వినాయకచవితి కుర్రాళ్లకున్న ధైర్యం ఉద్యోగంలో చేరాక ఎటు పోతుందో! అందుకే చాలామంది ఒక గ్రూపు మెసేజ్‌ పెట్టి చేతులు దులిపేసుకుంటారు. ‘ఫ్రెండ్స్‌, మంచి పని కోసం పరుగెడుతున్నా, సహకరించండి’. దానికి పద్నాలుగు బొటనవేళ్లు, మూడు దండాలు, ‘ఆల్‌ ది బెస్ట్‌ అన్నా’లు వస్తాయి. డబ్బు రాదు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అందర్నీ అడిగితే ఎవర్నీ అడగనట్టే లెక్క.

ఒక బ్యాంకు ఉద్యోగిని చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. ఆవిడ లక్ష్యం మూగ, చెవిటి పిల్లల బడికి శ్రవణ యంత్రాలు. గ్రూపు మెసేజ్‌ పెట్టలేదు. ఫోన్‌లో పేర్లు చూసుకుంటూ రోజుకు కొందరికి విడివిడిగా రాసింది. ‘వదినా, నాకు పరుగు రాదని నీకు తెలుసు. మెట్లెక్కితేనే రొప్పుతాను. అయినా నవంబరులో పది కిలోమీటర్లు పరుగెడుతున్నా. పూర్తిచేస్తే నువ్వు అయిదొందలు ఆ బడికి వేయాలి. మధ్యలో ఆగిపోతే వెయ్యి వేయాలి, నన్ను ఓదార్చడానికి.’ ఆ చివరి వాక్యానికే సగం డబ్బులొచ్చాయట. మావగారు మాత్రం వారం ఆలోచించి ‘పరుగెత్తకుండా ఇంట్లో ఉంటానంటే రెండువేలిస్తాను’ అన్నారు. ఆ రెండువేలూ తీసుకుంది. పరుగూ మానలేదు.

‘నువ్వు పరుగెడితే నేనెందుకు డబ్బివ్వాలి? నేరుగా ఇస్తే పోలా?’ అనే పెద్దమనిషి ప్రతి కుటుంబంలోనూ ఉంటాడు. తర్కం ప్రకారం ఆయనన్నది నిజమే. కానీ మనుషులు అలా ఇవ్వరు. ఒలివోలా, షఫీర్‌ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో దీనికి దగ్గరి విషయం మీద ఒక అధ్యయనం ప్రచురించారు. సుఖంగా పిక్నిక్‌లో కూర్చుని నిధులు సేకరించే కార్యక్రమం కన్నా, తాము ఒళ్లు హూనం చేసుకోవాల్సిన కార్యక్రమానికే జనం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడతారని తేల్చారు. మోకాళ్లతో తిరుమల కొండ మెట్లెక్కేవాళ్లను చూసి దారిచ్చే మనకు ఇది అంత కొత్త సంగతేం కాదు. ఎదుటివాడు కష్టపడుతున్నాడంటే విషయం నిజమని నమ్ముతాం.

నడిచి అడగడంలో ఈ నేలకు పెద్ద చరిత్రే ఉంది. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి కాలినడకన వచ్చిన వినోబా భావే, అక్కణ్నుంచి తెలంగాణ పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్‌ 18న పోచంపల్లిలో దళితులు బతకడానికి 80 ఎకరాలు కావాలన్నారు. ఆయన ప్రభుత్వానికి అర్జీ రాసి ఊరుకోకుండా, ఎదురుగా కూర్చున్న ఊరివాళ్లనే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వందెకరాలిస్తానన్నారు. భూదానం తర్వాత ఏమైంది, ఆ భూములు ఎంతవరకు చేరాయి అన్నది పెద్ద చర్చ. ఆ రోజు మాత్రం ఒక మనిషి ముఖం చూసి, ఇంత కావాలని అడిగాడు. అంతకు మించి వచ్చింది.

ఇంకో ఉపాయం. అడిగే వరసలో మొదటి ఫోన్‌ ఇచ్చే చెయ్యి ఉన్న బాబాయికి చేయాలి. ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ తెరిచినవాళ్లు తమకన్నా ముందువాళ్లు ఎంతిచ్చారో చూసి తమ అంకె దిద్దుకుంటారని లండన్‌ మారథాన్‌ రన్నర్ల పేజీల మీద చేసిన పరిశోధనలో తేలింది. పైన అయిదు వేలు కనబడితే యాభై వేయడానికి మొహమాటం. పైన యాభై కనబడితే అయిదు వేలు వేయాలనుకున్నవాడూ అయిదొందలతో సరిపెడతాడు.

ఫ్లైఓవర్‌తో బేరాల్లేవు

సరే, డబ్బు సంగతి అయింది. పరుగెత్తాలి కదా.

హైదరాబాద్‌ హాఫ్‌ను దేశంలో కష్టమైన నగర పరుగుల్లో ఒకటిగా రన్నర్లు చెప్పుకుంటారు. కారణం ఆగస్టు ఉక్క, ఎత్తుపల్లాలు. కొన్నేళ్లుగా నెక్లెస్‌ రోడ్డు దగ్గర మొదలై ఖైరతాబాద్‌, పంజాగుట్ట దాటి, కేబీఆర్‌ పార్కు పక్కగా జూబ్లీహిల్స్‌ ఎక్కి, దుర్గం చెరువు తీగల వంతెన మీదుగా గచ్చిబౌలి స్టేడియం చేరుతుంది. కారులో వెళ్లేటప్పుడు ఈ దారిలో చదునే కనిపిస్తుంది. కాళ్లకు మాత్రం ప్రతి ఫ్లైఓవరూ తెలుస్తుంది. మొదటి అయిదు కిలోమీటర్లలో మీసం మెలేసినవాళ్లు జూబ్లీహిల్స్‌ ఎత్తులో రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నడుస్తారు. తొలిసారి వెళ్లేవాళ్లకు అనుభవజ్ఞులు చెప్పేది ఒకటే. పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలోనే వెళ్లండి, మాట తెగుతోందంటే తగ్గించండి.

ఏమీ చేయనివాళ్లు ఏకంగా హాఫ్‌కు పోకూడదు. ముందు అయిదు, ఆ తర్వాత పది. వారంలో మూడు రోజులు చాలు, రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక అన్న పద్ధతిలో మొదలుపెట్టి మూడు నాలుగు నెలలు తీసుకోవాలి. ఆదివారం దూరం కాస్త పెంచే లాంగ్‌ రన్‌. కొత్త బూట్లు పరుగు రోజున వేసుకోవద్దు, కొత్త తిండి ముందురోజు తినొద్దు. బిర్యానీ తర్వాత. ఇడ్లీ, అరటిపండు, చిటికెడు ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు మనకు ఎప్పుడూ అందుబాటులో ఉండేవే.

ఇవన్నీ మగవాళ్లకు చెప్పినంత తేలిక కాదు ఆడవాళ్లకు. నాలుగున్నరకు చీకట్లో ఒంటరిగా రోడ్డెక్కాలి, వీధి కుక్కల్ని, వెనకే నెమ్మదించే బైకుల్ని దాటాలి, ఏడింటికల్లా ఇంటికొచ్చి పిల్లల డబ్బాలు కట్టాలి. 2012లో మొదలైన పింకథాన్‌ ఆడవాళ్లకు మాత్రమే అంటే మొదట్లో వింతగా చూశారు. రొమ్ముక్యాన్సర్‌ గురించి మాట్లాడటానికి వచ్చిన ఆ పరుగు, చీరకట్టుతోనూ బురఖాతోనూ రోడ్డు మీదకు వచ్చినవాళ్లకు తోడునిచ్చింది. గుంపుగా పరుగెత్తడం వాళ్లకు సరదా కాదు, అవసరం.

> గుండె, నీళ్లు: రెండు అపోహలు
>
> ‘మారథాన్‌లో గుండె ఆగి చనిపోయారు’ అన్న వార్త రాగానే ఇంట్లోవాళ్లు బూట్లు దాచేస్తారు. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా ఫుల్‌, హాఫ్‌ మారథాన్‌లలో పాల్గొన్న 1 కోటి 9 లక్షల మంది లెక్క తీస్తే, గుండె ఆగినవాళ్లు 59 మంది, వారిలో మరణించినవాళ్లు 42. ప్రమాదం అరుదే, కానీ లేకపోలేదు. నలభై దాటినవాళ్లు, బీపీ, మధుమేహం ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్నవయసు గుండెపోట్లున్నవాళ్లు డాక్టర్ని కలిశాకే మొదలుపెట్టాలి. పరుగులో ఛాతీ పట్టేసినా కళ్లు తిరిగినా ఆగిపోవాలి. పతకం మళ్లీ ఏడాది కూడా ఇస్తారు.
>
> నీళ్లు ఎంత తాగితే అంత మంచిదన్నదీ నిజం కాదు. 2002 బోస్టన్‌ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం పడిపోయి ఉంది. నెమ్మదిగా పరుగెత్తుతూ ప్రతి బల్ల దగ్గరా గ్లాసులు ఎత్తేవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ. దాహమైతే తాగాలి.

పరుగు అయిపోయాక

వెనకబడ్డవాళ్ల సంగతి టీవీల్లో రాదు. గెలిచినవాళ్లు టిఫిన్‌ తిని వెళ్లిపోయిన చాలాసేపటికి వాళ్లొస్తుంటారు. ఎండెక్కి ఉంటుంది. కటాఫ్‌ దగ్గర పడుతోందని వెనక నుంచి బస్సు నెమ్మదిగా కదులుతుంటుంది. నీళ్ల బల్ల దగ్గర కాలేజీ పిల్లలు గొంతు పోయేలా అరుస్తుంటారు, ‘అంకుల్‌, ఇంకొక్క కిలోమీటరే’. అది అబద్ధం, ఇంకా మూడుంటాయి. దానం కోసం పరుగెత్తేవాళ్లలో ఎక్కువమంది ఈ వెనకవరస వాళ్లే. వాళ్లు ఆగిపోకపోవడానికి కారణం ఒక్కోసారి పట్టుదల కూడా కాదు. నలభై మందికి మాటిచ్చి ఉండటం.

అదే సమయంలో మూసేసిన కూడలి అవతల ఆటోలో ఒక కుటుంబం చిక్కుకుని ఉంటుంది. ఆస్పత్రికి వెళ్లాలి. ‘పనీపాటా లేనోళ్లు’ అని డ్రైవరు తిడుతుంటాడు. ఆయన తిట్టడంలో తప్పేం లేదు. ఇక దారి పొడవునా ప్లాస్టిక్‌ సీసాలు, సగం తాగి విసిరేసినవి. చెరువుల రక్షణ కోసం పరుగెత్తి, సీసాలు చెరువు గట్టునే పడేసిన దృశ్యమూ చూశాను. ఊడ్చేది ఆదివారం కూడా డ్యూటీకి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు. నగరం ఒక పూట రోడ్డు అప్పిచ్చినప్పుడు, ఆ పూట వల్ల ఎవరికి ఎంత మేలు జరిగిందో నిర్వాహకులు నగరానికి లెక్క చెప్పడం కనీస మర్యాద.

రన్నర్ల లెక్కా ఒకటి మిగిలి ఉంటుంది. డబ్బిచ్చినవాళ్లలో చాలామందికి ఫినిష్‌ లైన్‌ ఫొటో తప్ప ఆ తర్వాత ఏ కబురూ అందదు. అందుకే రెండోసారి అడిగితే వాళ్ల చెయ్యి జేబులోకి పోదు. వీపు మీద కాగితమైనా, వాట్సాప్‌ సందేశమైనా ఆర్నెల్ల తర్వాత ఇంకో మెసేజ్‌ బాకీ ఉన్నట్టే. ‘మీరిచ్చినదాంతో రెండు గదులు కట్టారు, నీళ్ల ట్యాంకు ఇంకా రాలేదు’ అని ఉన్నదున్నట్టు రాసినా చాలు. వంద ఇచ్చినవాళ్లకూ ఆ మెసేజ్‌ వెళ్లాలి.

ఈ సీజన్‌లో పేరు ఇస్తున్నవాళ్లు టీషర్టు సైజుతో పాటు ఆ పూటే ఒక సంస్థనీ ఎంచుకోండి. వీలైతే మీరు వెళ్లి చూడగలిగినంత దగ్గరిదాన్ని. ఎంత తేవాలో అంకె రాసుకోండి, మొదటి వెయ్యి మీరే వేయండి, ఆపై అడగడం మొదలుపెట్టండి. పరుగెత్తనివాళ్లకు ఇంకా సులువు. మీ ఆఫీసులోనో అపార్ట్‌మెంటులోనో ఎవరో ఒకరు ఈ నెలలో మెసేజ్‌ పెడతారు. బొటనవేలు బొమ్మ పంపేబదులు వందో రెండొందలో పంపండి, రసీదు అడగండి. ఏడాది తిరిగాక ఆ డబ్బుతో ఏం చేశారని సంస్థకు ఫోన్‌ చేయండి. జవాబు చెప్పని సంస్థ కోసం వచ్చే ఏడాది ఎవరూ పరుగెత్తనక్కర్లేదు.